నొప్పి నుదుట, మూలం మెడలో

తలనొప్పి అనగానే చెయ్యి అమృతాంజనం సీసా కోసం వెతుకుతుంది. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు దాన్ని మొదలుపెట్టినప్పటి నుంచీ మనం రాసే చోటు మాత్రం మారలేదు: నుదురు, కణతలు. నొప్పి అక్కడే కదా! కానీ వారం తిరక్కుండా వచ్చే తలనొప్పుల్లో కొన్నిటి పుట్టుక అక్కడ కాదు. తల వెనక, పుర్రె మెడతో కలిసే గుంట దగ్గర.

మెదడుకు తనంతట తనకు నొప్పి తెలియదు. రోగి మెలకువగా మాట్లాడుతుండగానే మెదడుకు ఆపరేషన్ చేయగలిగేది అందుకే. తలనొప్పి పుట్టేదంతా చుట్టుపక్కలే: మెదడు పొరలు, రక్తనాళాలు, తల కండరాలు, మెడ కీళ్లు. ముఖం, నుదురు కబుర్లు మోసే నరమూ, మెడలోని మొదటి మూడు నరాలూ వెన్నుపాము పైభాగంలో ఒకే చోటికి చేరతాయి. రెండు ఊళ్ల ఉత్తరాలు ఒకే సంచిలో పడితే ఏమవుతుంది? మెడ కీలు రాసిన ఉత్తరం కంటి వెనక నుంచి వచ్చిందనుకుంటుంది మెదడు.

నార్వే న్యూరాలజిస్ట్ ఒట్టార్ స్యోస్టాడ్, ఆయన సహచరులు 1983లో దీన్ని సెర్వికోజెనిక్ తలనొప్పి అన్నారు. మెడలో పుట్టినది అని అర్థం. సాధారణంగా ఒక పక్కే ఉంటుంది. మెడలో మొదలై ముందుకు పాకుతుంది. మెడ తిప్పినా, ఒకే తీరున చాలాసేపు కూర్చున్నా పెరుగుతుంది.

అలాగని ప్రతి తలనొప్పినీ మెడ మీదికి నెట్టేయకూడదు. ఎక్కువమందికి వచ్చేది టెన్షన్ రకం, తలకు గుడ్డ బిగించి కట్టినట్టు రెండు పక్కలా ఉంటుంది. ఇక మైగ్రేన్, పెద్దవాళ్ల మాటలో పార్శ్వపు నొప్పి, మారువేషాల్లో దిట్ట. అది వచ్చినప్పుడు మెడ కూడా పట్టేస్తుంది కాబట్టి మెడకు ఎక్స్‌రే తీయిస్తాం. నలభై దాటినవాళ్లలో ఏ బాధా లేకపోయినా అందులో ఎంతో కొంత అరుగుదల కనిపిస్తుంది, నేరం దాని మీద పడుతుంది. ‘నాది సైనస్ అండీ’ అనేవాళ్ల సంగతీ అంతే. తమది సైనస్ తలనొప్పి అని నమ్మిన 2,991 మందిని అమెరికాలో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రకటించారు. వాళ్లలో 88 శాతం మందికి కనిపించినవి మైగ్రేన్ లక్షణాలే.

మాత్రల గొడవ ఇంకొకటి. మామూలు నొప్పి మాత్రలు నెలలో 15 రోజులు, కెఫీన్ లాంటివి కలిపిన మాత్రలైతే 10 రోజులు, ఇలా మూడు నెలలు మించి మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. అప్పుడు మెడ ఎంత పిసికించుకున్నా లాభం లేదు. ముందు డాక్టరు సలహాతో మాత్ర మానాలి.

తప్పు నిజంగా మెడదేనా అని ఫిజియోథెరపిస్టులు తేల్చుకునే పద్ధతి నాకు ముచ్చటగా అనిపిస్తుంది. వెల్లకిలా పడుకోబెట్టి, గడ్డం ఛాతీకి ఆనేదాకా తల వంచి, అలాగే పట్టుకుని కుడికీ ఎడమకీ తిప్పుతారు. అంతగా వంచినప్పుడు కింది పూసలు బిగిసిపోతాయి, తిరిగేది దాదాపు మొదటి రెండు పూసల మధ్య కీలు ఒక్కటే. మామూలు మనిషికి అటూ ఇటూ 40 డిగ్రీలు దాటి తిరుగుతుంది. ఒక పక్క 30 దగ్గరే ఆగిపోతే అనుమానం ఆ కీలు మీదే.

వైద్యం రెండు రకాలు: బిగిసిన కీలును చేత్తో మెల్లగా కదిలించడం, మెడ లోపలి కండరాలకు పని నేర్పడం. ఆస్ట్రేలియాలో గ్వెన్ జుల్ బృందం 200 మంది మీద ఆరు వారాలు ఈ రెంటినీ పరీక్షించి 2002లో ఫలితాలు ప్రకటించింది. ఏది చేసినా తలనొప్పులు తగ్గాయి, ఏడాది తర్వాత చూసినా ఆ మేలు నిలిచే ఉంది. ఇది మెడ తలనొప్పి మాట. మైగ్రేన్‌ను ఫిజియోథెరపీ మాన్పుతుందని ఎవరైనా చెబితే నేను నమ్మను.

చేత్తో కదిలించడమంటే సెలూన్‌లో క్షవరం అయ్యాక ‘టక్’మని మెడ విరిచే ముచ్చట కాదు. మెదడుకు రక్తం మోసే రెండు ధమనులు మెడ పూసల రంధ్రాల్లోంచే పైకి పోతాయి. ఆ విసురుకు అవి లోపల చిట్లి పక్షవాతం వచ్చిన సంఘటనలు, అరుదుగానే అయినా, ఉన్నాయి. ఉన్నట్టుండి పిడుగులా వచ్చిన తలనొప్పి, జ్వరంతో మెడ బిగుసుకోవడం, మాట తడబడటం, చెయ్యో కాలో పడిపోవడం, యాభై దాటాక కొత్తగా మొదలైన నొప్పి, ఇవి ఫిజియో దగ్గరికి వెళ్లాల్సినవి కావు. నేరుగా ఆస్పత్రికే.

ఇక మెడ లోపలి కండరాలకు పని నేర్పే ఆ వ్యాయామం చూస్తే, దీనికేనా డబ్బులిచ్చింది అనిపిస్తుంది. వెల్లకిలా పడుకుని, తల ఎత్తకుండా గడ్డం కొద్దిగా లోపలికి వంచి, పది సెకన్లు ఆపి, వదలాలి. ఇలా పదిసార్లు, రోజుకు రెండు పూటలా. మెడ ముందు కండరాలు పైకి పొంగితే బలం ఎక్కువ పెట్టినట్టు లెక్క. చూసేవాళ్లకు మాత్రం మీరు పడుకుని ఎవరి కథకో ఊకొడుతున్నట్టు ఉంటుంది.