బ్లాక్‌జాక్‌లో పందెం పెంచడం: అపోహలు - వాస్తవాలు

కొన్నేళ్లపాటు వారాంతాల్లో అట్లాంటిక్ సిటీ కాసినోలకు వెళ్లి, బ్లాక్‌జాక్ (21 దాటకుండా డీలరు కంటే దానికి దగ్గరగా రావాల్సిన పేకాట) ముక్కలు లెక్కపెట్టి ఆడినవాణ్ణి. లాస్ వేగస్ ప్రయాణం పెట్టుకున్న మనవాళ్లు నన్ను అడిగే ప్రశ్న ఒకటే: "ఓడితే రెట్టింపు పెట్టాలా, గెలిస్తేనా?" రెండూ కాదంటే నమ్మరు.

అపోహ: ఓడిన ప్రతిసారీ రెట్టింపు చేస్తే, ఒక్క గెలుపుతో పోయిందంతా వస్తుంది.

వాస్తవం: ఆ గెలుపు దాకా ఆడనివ్వాలి కదా! కనీస పందెం 10 డాలర్లు, గరిష్ఠం 500 ఉన్న బల్ల తీసుకోండి. 10, 20, 40, 80, 160, 320. ఆరు ఓటములకు 630 డాలర్లు పోయాయి. ఏడోసారి 640 పెట్టడానికి బల్ల ఒప్పుకోదు. సమంగా ముగిసినవి పక్కన పెడితే ఆటగాడు నూటికి 53 ఆటలు ఓడతాడు. అంటే ఆరు వరస ఓటములు సుమారు 40-45 ప్రయత్నాలకు ఒకసారి వస్తాయి. గంటకు 70 ఆటలు పడే చోట ఒక సాయంత్రంలో వాటిని తప్పించుకోవడం కష్టం. బల్లకు పరిమితి లేకున్నా జేబుకు ఉంటుంది.

అపోహ: గెలుపు ఊపులో ఉన్నప్పుడు పెంచాలి.

వాస్తవం: గెలిచిన ఆటలో ఆసులు, పది విలువ ముక్కలు (10, జాకీ, రాణి, రాజు) కాస్త ఎక్కువ ఖర్చవుతాయి. ఆటగాడికి లాభించేవి అవే కనుక తరువాతి ఆట వెంట్రుకవాసి మీకే ప్రతికూలం.

అపోహ: లెక్కపెట్టేవాళ్లు చేసేదీ ఈ పెంచడమే.

వాస్తవం: చూసేవారికి అలాగే కనిపిస్తుంది. రమ్మీలో అవతలివాడు ఏ ముక్క పడేశాడో గుర్తుపెట్టుకునేవాడికి తేడా వెంటనే అర్థమవుతుంది. పోయిన ఆటలో ఎవరు గెలిచారన్నది కాదు, డీలరు ముక్కలు తీసి పంచే పెట్టెలో ఏవి మిగిలాయన్నదే లెక్క. 2 నుంచి 6 వరకు పడితే ఒకటి కలుపుతాం, పదులు, ఆసులు పడితే ఒకటి తీసేస్తాం, మధ్యవి వదిలేస్తాం. వచ్చిన మొత్తాన్ని మిగిలిన కట్టలతో భాగిస్తాం. నాలుగు కట్టలుండగా మొత్తం +8 అయితే విలువ +2. ఒక్కో అంకెకు ఆటగాడి ఆధిక్యం అర శాతం చొప్పున మెరుగవుతుంది. మొదట కాసినోకున్న ఆధిక్యం కూడా మంచి నియమాల బల్ల మీద అర శాతమే కనుక, +2 దగ్గర ఆధిక్యం మనవైపు.

అసలు కిటుకు ఇక్కడుంది. లెక్క బాగున్నప్పుడూ మనం గెలిచే ఆటల కంటే ఓడేవే ఎక్కువ. లాభం 3:2 చెల్లింపు (మొదటి రెండు ముక్కలూ ఆసు, పది విలువ ముక్క అయితే పందేనికి ఒకటిన్నర రెట్లు) నుంచి, ముక్కలు చూశాక అదే ఆటలో పందెం రెట్టించిన చోట్ల నుంచి వస్తుంది. కాబట్టి వరసగా మూడు పెద్ద పందేలు పోయినా, లెక్క దిగకపోతే నాలుగోదీ పెద్దదే పెట్టాలి. ఓటమిని చూసి తగ్గించినవాడు లెక్కపెట్టినా లాభం లేదు.

అపోహ: లెక్క తెలిస్తే ఎప్పుడూ ఒకే పందెం పెట్టడం క్షేమం.

వాస్తవం: ఆరు కట్టల బల్ల మీద అనుకూల ఆటలు అరుదు. అన్నిటికీ పదేసి డాలర్లు పెడితే గంటకు మూడు నాలుగు డాలర్లు నిదానంగా కరుగుతాయి. రెట్టింపు పద్ధతి కంటే మేలే, కాని సంపాదన కాదు. వెనక నిలబడి చూస్తూ, +2 అయ్యాకే కూర్చునేవాడికి మాత్రం స్థిర పందెమూ గిట్టుతుంది. అందుకే చాలాచోట్ల మధ్యలో కూర్చోనివ్వరు.

అపోహ: కాసినోకు అనుమానం రాకుండా పందెం పెంచే దారి లేదు.

వాస్తవం: గెలిచిన చిప్స్‌ను అలాగే ముందు వదిలేయడం పాత ఉపాయం, ఊపు నమ్మే సగటు ఆటగాడిలా కనిపిస్తాం. కాని లెక్క +4 ఉండి పోయిన ఆట ఓడితే, పెంచడానికి సాకు దొరకదు. అదే దాని ఖరీదు. అట్లాంటిక్ సిటీ ఉన్న న్యూజెర్సీలో 1982లో కెన్ ఉస్టన్ అనే లెక్కగాడి కేసు తీర్పు తరువాత లెక్కపెట్టినందుకు గెంటివేయకూడదు. నేనొకసారి 10 నుంచి ఒక్కసారిగా 100కు వెళ్లాను. ఎవరూ ఏమీ అనలేదు. మరుసటిసారి ముక్కలు కలిపినప్పటి నుంచి డీలరు కట్ కార్డును (ఇక్కడితో పంచడం ఆపి మళ్లీ కలపాలని చెప్పే గుర్తు) సరిగ్గా పెట్టె సగానికి జరిపాడు. సగంలోనే కలిపేస్తే లెక్క పండదు కనుక లేచి వచ్చేశాను.