హూటర్ మోగలేదంటే లింక్ బాగున్నట్టేనా? శాటిలైట్ మోడెమ్‌లపై అపోహలు - వాస్తవాలు

నెల్లూరు, ప్రకాశం తీరంలో అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య రుతుపవనాల కాలం. వాయుగుండం కబురు రాగానే శాటిలైట్ లింకులు చూసుకునే మాకు ఫోన్లు మొదలవుతాయి. "అలారం రాలేదు సార్, కానీ లింక్ లేదు" అనేది మేం తరచూ వినే మాట.

అపోహ: మోడెమ్ చెడితే అలారం దానంతటదే వస్తుంది

మోడెమ్ (డేటాని డిష్ పంపే సిగ్నల్‌గా, వచ్చే సిగ్నల్‌ని డేటాగా మార్చే పెట్టె) వెనక అలారం కనెక్టర్‌లో ఉండేది రిలే కాంటాక్టులు, అంటే కాయిల్‌కి కరెంటు అందితే ఒకవైపు, ఆగితే మరోవైపు మారే స్విచ్ కొసలు. వాటి నుంచి కరెంటు రాదు. కామన్ (ఉమ్మడి పిన్), ఎన్ఓ (నార్మలీ ఓపెన్, మామూలుగా విడిపోయి ఉండేది), ఎన్‌సీ (నార్మలీ క్లోజ్డ్, మామూలుగా కలిసి ఉండేది) అని మూడేసి పిన్నులుంటాయి. కరెంటు బయట ఉండే అలారం ప్యానెల్ ఇవ్వాలి, ఆ దారిని కలపడం, విడదీయడం వరకే రిలే పని. చాలా మోడెమ్‌లలో అంతా సవ్యంగా ఉన్నంతసేపూ రిలే కాయిల్‌కి కరెంటు అందుతూ ఉంటుంది. లోపం వచ్చినా, మోడెమ్‌కే పవర్ పోయినా కాయిల్ పట్టు వదిలేసి కాంటాక్టులు మారిపోతాయి.

తికమకంతా ఎన్ఓ, ఎన్‌సీ పేర్ల దగ్గరే. ఒక మాన్యువల్ పవర్ లేని స్థితిని మామూలు స్థితి అంటుంది, ఇంకోటి లోపం లేని స్థితిని అంటుంది. పేరు చూసి తీగ బిగించొద్దు. మల్టీమీటర్ బీప్ మీద పెట్టి, మోడెమ్ బాగున్నప్పుడు ఏ జత కలిసి ఉందో, స్విచ్ ఆపితే ఏది విడిపోతోందో చూసి రాసుకోండి. బాగున్నప్పుడు కలిసి, లోపమొస్తే విడిపోయే జతనే ప్యానెల్‌కి ఇవ్వాలి. అప్పుడు ఎలుక తీగ కొరికినా, కృష్ణపట్నం వైపు ఉప్పు గాలికి పిన్నులు చిలుము పట్టి కాంటాక్ట్ పోయినా ప్యానెల్‌కి తెలుస్తుంది. రెండో జత ఇస్తే తీగ తెగిన రోజు నుంచీ అలారమే రాదు, అంతా ప్రశాంతమే, ఎంత వాన పడినా సరే.

230 వోల్టుల హూటర్‌ని నేరుగా ఈ కాంటాక్టులకు తగిలించొద్దు. మధ్యలో ఇంకో రిలే పెట్టండి. కొన్ని మోడెమ్‌లలో ఇదే కనెక్టర్‌లో బయటి నుంచి క్యారియర్‌ని (మోడెమ్ పంపే సిగ్నల్‌ని) ఆపే పిన్ కూడా ఉంటుంది. అది గ్రౌండ్‌కి తగిలితే ట్రాన్స్‌మిట్ ఆగిపోతుంది. అలారం వైరింగ్ అయ్యాక లింక్ పడిపోతే, డిష్ ఎక్కే ముందు అక్కడ చూడండి.

అపోహ: మాస్క్ చేస్తే అలారం సమస్య తీరినట్టే

మాస్క్ అంటే ఫలానా అలారం బయటికి రాకుండా మోడెమ్‌లో పెట్టే సెట్టింగ్. అది ఆపేది కబురునే, లోపం అలాగే ఉంటుంది. మార్చి మధ్యలో, మళ్ళీ సెప్టెంబర్ నెలాఖరులో సూర్యుడు శాటిలైట్ వెనక్కి వచ్చే రోజుల్లో, రోజూ కొన్ని నిమిషాలు రిసీవ్ అలారం వస్తుంది. దాన్ని రానివ్వండి. ఆ చికాకుతో పెట్టిన మాస్క్ తీయడం మర్చిపోతే తుఫాను రోజున పట్టుబడతారు.

అపోహ: వానపడితే పవర్ పెంచాలి

కేయూ బ్యాండ్‌లో (శాటిలైట్ లింకులు వాడే ఒక ఫ్రీక్వెన్సీ శ్రేణి) వాన దెబ్బ గట్టిగానే ఉంటుంది. అయితే మన దగ్గర రిసీవ్ బలహీనపడితే మన ట్రాన్స్‌మిట్ పెంచి లాభం లేదు. మనం పెంచితే బాగుపడేది అవతలివాళ్ళ రిసీవ్. మన రిసీవ్ కోసం అవతలివాళ్ళు పెంచాలి. ఏయూపీసీ (ఆటోమేటిక్ అప్‌లింక్ పవర్ కంట్రోల్) మోడ్ చేసేది ఇదే. రెండు మోడెమ్‌లు తమకు అందుతున్న సిగ్నల్ నాణ్యతను ఒకదానికొకటి చెప్పుకుని, పవర్‌ని ఇచ్చిన పరిమితిలో పెంచుకుంటాయి, వాన తగ్గాక దించుకుంటాయి.

చేత్తో పెంచితే రెండు ప్రమాదాలు. బీయూసీ (మోడెమ్ సిగ్నల్‌ని పై ఫ్రీక్వెన్సీకి మార్చి, బలం పెంచి డిష్‌కి ఇచ్చే యూనిట్) దాని హద్దు దాటితే క్యారియర్ అటూ ఇటూ పొంగి, పక్కవాళ్ళ క్యారియర్‌ని పాడుచేస్తుంది. ఇక రెండోది, వాన వెలిశాక దించడం ఎవరికీ గుర్తుండదు. ఏయూపీసీకి కూడా పరిమితి బీయూసీ తట్టుకునేంతే ఇవ్వాలి.

అపోహ: పచ్చ లైటు వెలిగితే లింక్ ఉన్నట్టే

ఐఎఫ్ లూప్‌లో (మోడెమ్ పంపే సిగ్నల్‌ని లోపలే దాని రిసీవ్‌కి తిప్పే టెస్ట్ మోడ్) పెడితే మోడెమ్ తన సిగ్నల్‌నే తాను విని లాక్ అవుతుంది, అంటే సిగ్నల్ దొరికినట్టు పట్టుకుంటుంది. కేబుల్ ఊడదీసినా లాక్ లైటు పచ్చగానే ఉంటుంది. టెస్ట్ మోడ్ లైటు వెలుగుతోందేమో చూడండి.

అపోహ: మోడ్ మార్చడం మెనూలో ఒక్క బటన్ పని

రెండు వైపులా మాడ్యులేషన్ (డేటాని సిగ్నల్ మీద ఎక్కించే తీరు), ఎఫ్‌ఈసీ (తప్పులు దిద్దే కోడింగ్), సింబల్ రేటు (సిగ్నల్ మారే వేగం), స్క్రాంబ్లర్ (డేటా బిట్లని కలగలిపే ఏర్పాటు) అన్నీ కలవాలి. ఒక్కటి తేడా వచ్చినా డేటా నడవదు. నెల్లూరులో కూర్చుని ఉదయగిరి కొండ వైపు లింక్ మార్చాలంటే ముందు అవతలి మోడెమ్‌ని మార్చాలి. లింక్ పడిపోతుంది, కంగారుపడొద్దు. తర్వాత మన వైపు మారిస్తే తిరిగొస్తుంది. ముందు మన వైపు మార్చేశారో, అవతలి దానికి కబురు పంపే దారే ఉండదు. పాత సెట్టింగులకి తిరిగి వెళ్ళాలి, లేదంటే వంద కిలోమీటర్లకు దగ్గరగా ప్రయాణం.

కొన్ని మోడెమ్‌లు మోడ్ మారగానే భద్రత కోసం ట్రాన్స్‌మిట్‌ని తామే ఆపేస్తాయి. మీది ఆ రకమైతే ఈ వరస కూడా పనికిరాదు. అవతలి చివర ట్రాన్స్‌మిట్ ఆన్ చేసే మనిషిని ముందే కూర్చోబెట్టి, ఫోన్ లైన్‌లో ఉంచుకుని మార్చండి.