రోలర్ల మీదికి ఎక్కించే ముందు

చిరంజీవులైన పిల్లలకు ఆశీస్సులు.

నెలల తరబడి కష్టపడి సిద్ధం చేసుకున్న కారును మొదటిసారి డైనమోమీటర్ పరీక్షకు తీసుకెళ్తున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. ఏ అంకె వస్తుందోనన్న ఆత్రం మీకు ఉంటుంది. నా ధ్యాసంతా ముందురోజు మీరు చేయబోయే పనుల మీదే ఉంది.

ఈ డైనమోమీటర్‌నే క్లుప్తంగా డైనో అంటారు. దాని మీద కారు ముందుకు కదలదు. చక్రాలు మాత్రం రోలర్లను తిప్పుతాయి. అందుకు అవి ఎంత బలం పెడుతున్నాయో యంత్రం కొలుస్తుంది. ఈ ఆలోచన కొత్తది కాదు. 1821లోనే ఫ్రాన్స్‌లో గాస్పార్ ద ప్రోనీ తిరిగే ఇరుసుకు బ్రేకు బిగించి ఇంజిన్ల శక్తిని కొలిచాడు. లెక్క కూడా తేలికే: న్యూటన్ మీటర్లలో టార్క్‌ను, అంటే తిప్పే బలాన్ని, నిమిషానికి తిరిగే చుట్లతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. 4775 చుట్ల దగ్గర 200 న్యూటన్ మీటర్లు ఉంటే సుమారు 100 కిలోవాట్లన్నమాట.

రోడ్డు మీద ఎదురుగాలి రేడియేటర్‌ను చల్లబరుస్తుంది. ఇక్కడ ఉన్నదల్లా ముందు పెట్టిన ఫ్యానే. పైగా యాక్సిలరేటర్ చివరిదాకా తొక్కి ఉంచుతారు. రోజువారీ ప్రయాణంలో బయటపడని లోపాలన్నీ అక్కడ బయటపడతాయి. ఒకసారి నేను ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అదే కూలెంట్, వెళ్లే చిన్న గొట్టం క్లిప్పును కంటితో చూసి సరేననుకున్నాను, చేత్తో కదిపి చూడలేదు. మూడో పరుగులో, అంటే రోలర్ల మీద మూడోసారి కొలుస్తుండగా, గొట్టం ఊడి, ఆవిరి కమ్ముకుంది. ఆ రోజంతా వృథా అయింది. కాబట్టి ప్రతి క్లిప్పునూ పట్టుకుని తిప్పి చూడండి. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే కూలెంట్, ఆయిల్ మట్టాలు చూసుకోండి. రాత్రి కారు కింద అట్టముక్క పరిచి, పొద్దున దాని మీద మరకలు ఉన్నాయేమో గమనించండి.

టైర్ల దగ్గర మాత్రం తొందరపడకండి. కింద కూర్చుని చక్రాన్ని నెమ్మదిగా తిప్పుతూ, గాళ్లలో ఇరుక్కున్న రాళ్లను సన్నని స్క్రూడ్రైవర్‌తో ఒక్కొక్కటిగా తీసేయండి. రోలర్ మీద అంత వేగంలో చిన్న రాయి కూడా ప్రమాదమే. పక్కగోడల మీద పగుళ్లు కనిపిస్తే ఆ టైర్లతో వెళ్లనే వద్దు. గాలి ఎంత ఉందో కొలిచి రాసుకోండి. గాలి మారితే టైరు రోలర్ మీద తినేసే శక్తీ మారుతుంది. మళ్లీ వెళ్లినప్పుడు అంతే గాలి ఉండాలి.

క్లచ్ జారుతుంటే ఇంజిన్ వేగం పెరుగుతుంది కానీ రోలర్ వేగం పెరగదు. పై గేరులో నెమ్మదిగా వెళ్తూ ఒక్కసారిగా యాక్సిలరేటర్ తొక్కి చూస్తే ఈ సంగతి ముందే తెలుస్తుంది. పెట్రోల్ ఫిల్టర్ పాతదైతే మార్చండి. నిండు భారం మీద ఇంజిన్‌కు పెట్రోల్ చాలకపోతే వేడి పెరిగి పిస్టన్లే పాడైపోతాయి. ఎప్పుడూ వాడే ఇంధనాన్నే సరిపడా పోయించండి.

రెండు చక్రాలే తిరుగుతూ మిగతావి నిలిచి ఉంటే, కారు జారుతోందనుకుని కొన్ని కార్లలో కంప్యూటర్ శక్తిని తగ్గించేస్తుంది. ఆ ట్రాక్షన్ కంట్రోల్‌ను ఆపే పద్ధతి ముందే తెలుసుకోండి. మీది నాలుగు చక్రాలకూ శక్తి వెళ్లే కారైతే ఆ మాట బుక్ చేసేటప్పుడే చెప్పాలి. పట్టీలు బిగించేది అక్కడి నిపుణులే. అయినా గట్టి కొక్కేలు ఎక్కడున్నాయో చూపించండి. స్టీరింగ్ కడ్డీలకు పట్టీ తగిలించనివ్వకండి. కారు నడుస్తున్నప్పుడు దాని వెనుకగానీ చక్రాల వరుసలోగానీ ఎవరూ నిలబడకూడదు. ఈ విషయంలో మొహమాటం వద్దు, అరిచి అయినా పక్కకు పంపండి. పొగ గొట్టానికి బయటికి పంపే పైపు పెట్టారో లేదో చూసుకోండి. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు.

ముందు ఏ మార్పూ చేయకుండా మూడు పరుగులు తీయించండి. ప్రతి పరుగుకూ యంత్రం గ్రాఫు మీద ఒక గీత గీస్తుంది. ఆ మూడు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడితేనే వాటిని నమ్మండి. కంపెనీ చెప్పిన అంకె కంటే తక్కువ వస్తే దిగులుపడకండి. వాళ్లు ఇంజిన్ దగ్గర కొలుస్తారు, ఇక్కడ చక్రాల దగ్గర కొలుస్తారు. మధ్యలో గేర్లు, ఇరుసులు, టైర్లు తమ వాటా తీసుకుంటాయి.

నాకు పై అంకె ఒక్కటే చెప్పి ఊరుకోవద్దు. మొత్తం గ్రాఫు పంపండి. ఆ గదిలో వేడి ఎంత ఉందో, టైర్లలో గాలి ఎంత ఉందో దాని మీదే రాయండి. గీత ఎక్కడ వంగిందో కలిసి చూద్దాం.

మీ తాతయ్య