ఆ అమ్మాయి ఇంటికి నాలుగుసార్లు వెళ్ళాను

కంచరపాలెం,
విశాఖపట్నం.

చిరంజీవులైన పిల్లలందరికీ మామ్మ ఆశీస్సులు.

మొన్న ఆదివారం మేడ మీద వడియాలు తీస్తుంటే మీరంతా వచ్చి చుట్టూ కూర్చున్నారు. "నిరుద్యోగం తగ్గిందని టీవీలో చెప్పారు కదా మామ్మా, మరి మా అన్నయ్య బీటెక్ అయి రెండేళ్ళు దాటినా ఇంట్లోనే ఎందుకున్నాడు?" అని మూడో అంతస్తు చిన్నాడు అడిగాడు. అయితే టీవీ వాళ్ళు అబద్ధం చెప్తున్నారా అని ఇంకొకరు. అబద్ధం కాదు నాన్నా అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. ఆ జవాబు మీకు ఆనలేదని మీ ముఖాలు చూస్తేనే తెలిసింది. నాకూ ఆనలేదు. ముప్ఫై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి ఆ లెక్కలు రాసిన మనిషిని నేను. మీకు సరిగ్గా చెప్పాల్సిన బాధ్యత నాకుంది. అందుకే కూర్చుని ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందు ఆ అంకె ఎలా వస్తుందో చెప్తాను. దేశంలో ఎవరికి పని ఉందో, ఎవరికి లేదో తెలుసుకోవడానికి ప్రతి గుమ్మమూ ఎక్కరు. కొన్ని ఊళ్ళు, కొన్ని వీధులు, వాటిలో కొన్ని ఇళ్ళు ఎంచుకుని అడుగుతారు. అన్నం ఉడికిందో లేదో రెండు మెతుకులు పట్టుకుని చూస్తాం కదా, అలాగ. మన దేశంలో ఇలాంటి నమూనా సర్వేలు 1950లో మొదలయ్యాయి. ఉద్యోగాల మీద పెద్ద సర్వే చాలాకాలం ఐదేళ్ళకోసారి జరిగేది. 2017 నుంచి ఏటా జరుగుతోంది. దాని పూర్తి పేరు పీరియాడిక్ లేబర్ ఫోర్స్ సర్వే, మేమంతా పీఎల్‌ఎఫ్‌ఎస్ అనేవాళ్ళం. 2025 నుంచి నెలనెలా కూడా అంకెలు ఇస్తున్నారు.

మేం వెళ్ళి ఇంట్లో ఒక్కొక్కరి గురించీ అడిగే ముఖ్యమైన ప్రశ్న ఇది: గడిచిన ఏడు రోజుల్లో ఏం చేశారు? ఏ రోజైనా సరే, ఒక్క గంట పని చేసి ఉంటే ఆ వారానికి వాళ్ళు పని ఉన్నవాళ్ళే. ఒక్క గంట. జవాబును బట్టి ఒక కోడ్ వేస్తాం. చదువుకుంటుంటే 91. ఇంటిపని మాత్రమే చూసుకుంటుంటే 92. నెలజీతం వస్తుంటే 31. ఇంటివాళ్ళ కొట్లోనో పొలంలోనో కూలి లేకుండా సాయం చేస్తుంటే 21. పని లేదు, వెతుక్కుంటున్నాం అంటే 81. నిరుద్యోగి అంటే ఈ 81 లాంటివాళ్ళే. పని చెయ్యడం లేదు, వెతకడమూ లేదు, ఇచ్చినా చేరను అన్నవాళ్ళు అసలు లెక్కలోకే రారు. పని చేస్తున్నవాళ్ళనీ, పని కోసం చూస్తున్నవాళ్ళనీ కలిపి వందమంది అనుకుంటే, అందులో చూస్తున్నవాళ్ళు ఎంతమందో చెప్పేదే నిరుద్యోగం రేటు.

ఇప్పుడు ఒక ఇంటి సంగతి చెప్తాను. ఊళ్ళో ఏ మూలో చెప్పను. సర్వేలో చెప్పిన మాట బయట పెట్టబోమని ఆ ఇంటివాళ్ళకు మాట ఇచ్చి రాసుకుంటాం.

2024 దాకా పట్నాల్లో ఎంచుకున్న ప్రతి ఇంటికీ మూడేసి నెలల తేడాతో నాలుగుసార్లు వెళ్ళాల్సి ఉండేది. ఆ ఇంటి ముందుగదిలో చిన్న కిరాణా కొట్టు. మొదటిసారి వెళ్ళినప్పుడు ఆ ఇంటి అమ్మాయి బీఎస్సీ ఆఖరి సంవత్సరం చదువుతోంది. 91 వేశాను. రెండోసారికి పరీక్షలు అయిపోయాయి. సర్టిఫికెట్లన్నీ ప్లాస్టిక్ కవర్లున్న నీలంరంగు ఫైల్లో పెట్టి టీవీ మీద ఉంచింది. ఎప్పుడు ఇంటర్వ్యూకి పిలుస్తారో అని చేతికందేచోట పెట్టుకుంది. ఎక్కడెక్కడ దరఖాస్తు పెట్టిందో వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. 81 వేశాను.

మూడోసారి వెళ్ళేసరికి వాళ్ళ నాన్నకి మోకాళ్ళ నొప్పులు ముదిరి, కొట్లో ఆమే కూర్చుంటోంది. పావుకిలో పెసరపప్పు తూచి పొట్లం కడుతూనే నా ప్రశ్నలకు జవాబులు చెప్పింది. జీతమేమైనా ఇస్తున్నారా అని అడగాలి, అడిగాను. సొంత కొట్లో జీతమేంటి మేడమ్ అంది. 21 వేశాను. నేను ట్యాబ్‌లో నొక్కడం చూసి, "ఇప్పుడు నేను ఉద్యోగం చేస్తున్నట్టా?" అని అడిగింది. మా లెక్క ప్రకారం పనిలో ఉన్నట్టే తల్లీ అన్నాను. ఏమీ అనలేదు. దారం పళ్ళతో తెంపి పొట్లం అవతలివాళ్ళకి అందించింది.

నాలుగోసారికి కొట్టు వాళ్ళ బాబాయి చూసుకుంటున్నాడు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారు. నేను ప్రశ్న పూర్తి చెయ్యకుండానే, "ఇంటిపని అని రాసేయండి మేడమ్, ఇంక వెతకడం లేదు" అంది. 92. టీవీ మీద నీలం ఫైలు లేదు.

నాలుగుసార్లలో ఒక్కసారే ఆ పిల్ల నిరుద్యోగి. ఆ తరవాత ఆ ఇంట్లో నిరుద్యోగం తగ్గిపోయింది. ఉద్యోగం మాత్రం రాలేదు. నేను వేసిన నాలుగు కోడ్లలో ఒక్కటీ తప్పు కాదు. చిన్నాడా, నీ ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది.

ఇక దేశం అంకెలు చూడండి. 2011-12లో 2.2 శాతం ఉన్న నిరుద్యోగం 2017-18కి 6.1కి పెరిగింది. 2023-24కి 3.2కి దిగింది. 15 నుంచి 29 ఏళ్ళ లోపువాళ్ళలో అయితే 17.8 నుంచి 10.2కి తగ్గింది. మన ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ఆ వయసువాళ్ళలో 17.5 శాతం. దేశం సగటు కన్నా బాగా ఎక్కువ. ఎప్పటినుంచో చదువులో ముందున్న కేరళలో ఇంకా ఎక్కువ, 29.9.

తగ్గుదల ఎలా వచ్చిందో తెలియాలంటే పని ఉన్నవాళ్ళు ఏ పనిలో ఉన్నారో చూడాలి. 2017-18లో పని ఉన్న వందమందిలో 52 మంది సొంతపని చేసుకునేవాళ్ళు. 2023-24కి 58 మంది అయ్యారు. సొంతపని అంటే పెద్ద వ్యాపారమే అనుకోకండి. తోపుడుబండి, ఆటో, అరెకరం పొలం, ఇంటిముందు కొట్టు, అన్నీ ఇందులోకే వస్తాయి. జీతం లేకుండా ఇంటివాళ్ళకు సాయం చేసే 21 కోడ్ వాళ్ళూ ఇందులోనే ఉంటారు. పనిలో ఉన్న ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరు వాళ్ళే. నెలజీతగాళ్ళ వాటా 22.8 నుంచి 21.7కి వచ్చింది. మీ ఇళ్ళల్లో ఉద్యోగం అంటే నెలజీతం. సర్వేలో పని అంటే ఇవన్నీ. మాట ఒకటే అయినా అర్థాలు రెండు కావడంతో టీవీకీ మీ ఇంటికీ పొంతన కుదరడం లేదు.

పొలం పనుల సంగతి నన్ను ఎక్కువ బాధపెడుతుంది. 2018-19లో పనిచేసేవాళ్ళలో 42.5 శాతం వ్యవసాయంలో ఉన్నారు. దేశం ఎదుగుతున్నకొద్దీ అది తగ్గుతూ రావాలి. 2020 లాక్‌డౌన్‌లో కూలీలు మన హైవే వెంట ఎర్రటెండలో మూటలు నెత్తిన పెట్టుకుని ఒడిశా వైపు, శ్రీకాకుళం వైపు నడిచి వెళ్ళడం మీలో పెద్దపిల్లలకు గుర్తుండే ఉంటుంది. 2020-21లో ఆ వాటా 46.5కి పెరిగింది. 2023-24లోనూ 46 దాటే ఉంది. దేశం ఆదాయంలో వ్యవసాయం వాటా ఐదో వంతుకూడా లేదు. అంత కొంచెం కూటిని పంచుకోవడానికి ఇంకా మనుషులు చేరారు.

అలాగని మార్పంతా ఉత్తదే అనను. పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో పనిలో ఉన్న, పని కోరుకుంటున్నవాళ్ళ వాటా 2017-18లో 23.3 శాతం, 2023-24కి 41.7కి పెరిగింది. అచ్యుతాపురం బట్టల ఫ్యాక్టరీ బస్సులు తెల్లవారకుండానే ఆడపిల్లలను ఎక్కించుకుని పోవడం నేను చూశాను. వాళ్ళ చేతిలో జీతం ఉంది. అదీగాక ఆడవాళ్ళ పనిని వెనక మేమే సరిగ్గా రాయలేదేమో అని నాకో అనుమానం ఉంది. కొత్తలో పెదజాలరిపేటలో ఒకావిడను ఏం పని చేస్తావమ్మా అంటే, "నానేటి సేత్తానమ్మా, ఇంటికాడే ఉంతాను" అంది. ఆమె వెనక చాప మీద గంపెడు నెత్తళ్ళు ఎండుతున్నాయి. ఇవెవరివి అని మళ్ళీ అడిగితే, తనే కొని ఎండబెట్టి సంతలో అమ్ముతుందట. మొదటి మాటతోనే రాసేసి లేచి వచ్చిన ఇళ్ళు ఎన్ని ఉన్నాయో అని ఇప్పటికీ నాకు మనసులో పీకుతుంటుంది.

ఇంకొక్క సంగతి గుర్తుపెట్టుకోండి. ఏడాదికోసారి వచ్చే అంకె వేరు, నెలనెలా వచ్చే అంకె వేరు. ఏడాది లెక్కలో సంవత్సరమంతా ఏం చేశారో చూస్తారు. నెల లెక్కలో ఆ ఏడు రోజులే. 2025 ఏప్రిల్ నెల లెక్కలో నిరుద్యోగం 5.1 శాతం, యువతలో 13.8. దీన్ని 3.2 పక్కన పెట్టి నిరుద్యోగం అమాంతం పెరిగిపోయిందని ఫోన్లలో తిప్పేవాళ్ళుంటారు. మానికతో కొలిచింది, సోలతో కొలిచింది పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఇప్పుడు మీ అన్నయ్య గురించి. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో భారతదేశం ఉద్యోగాల మీద ఒక నివేదిక ఇచ్చింది. 2022లో చదవడం రాయడం రాని యువతలో నిరుద్యోగం 3.4 శాతం, డిగ్రీ చదివినవాళ్ళలో 29.1 శాతం అని అందులో ఉంది. చదువు చేటు చేసిందనుకోకండి. చదువులేని బీదవాడు పని లేకుండా ఒక్క వారం కూడా కూర్చోలేడు. దొరికిన కూలికి పోతాడు, లెక్కలో పని ఉన్నవాడవుతాడు. చదివినవాడు చదువుకు తగ్గది వచ్చేదాకా ఎదురుచూస్తాడు. ఆ ఎదురుచూపుకు ఇంట్లో ఎవరో కంచంలో అన్నం పెడుతూ ఉండాలి.

ద్వారకానగర్ కోచింగ్ సెంటర్ల వీధుల్లో సాయంత్రం నిలబడి చూడండి. అక్కడి పబ్లిక్ లైబ్రరీలో దిండంత గైడ్లు ముందు వేసుకుని కూర్చున్న పిల్లలను చూడండి. ఒక్కడూ సోమరి కాడు. 2019లో రైల్వేవాళ్ళు ఎన్‌టీపీసీ పరీక్షకు, అంటే గుమాస్తా, స్టేషన్ మాస్టరు లాంటి ఉద్యోగాల పరీక్షకు, 35,281 పోస్టులు వేస్తే కోటీ పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయి. ఒక్కో పోస్టుకు మూడువందల యాభై మంది. ఎంత బాగా చదివినా మిగతా మూడువందల నలభై తొమ్మిది మంది వెనక్కి రావాల్సిందే. ఈ కూడికా తీసివేతా తెలియని పెద్దవాళ్ళు "మావాడు సరిగ్గా చదవలేదు" అంటారు. మీరు అనకండి. భోజనాల దగ్గర "ఇంకా ఏమీ రాలేదా" అని అడిగే చుట్టాలుంటే మీరే మాట మార్చేయండి. వ్యవసాయం బయట ఏటా 78.5 లక్షల ఉద్యోగాలు 2030 దాకా పుడుతూ ఉండాలని 2023-24 ఆర్థిక సర్వేలో ప్రభుత్వమే చెప్పింది. అన్ని ఉద్యోగాలు పుట్టించడం మీ అన్నయ్య ఒక్కడి చేతిలో లేదు.

మన ఊరికి ఈ సంగతి కొత్త కాదు. 1933లో పోర్టు, 1941లో షిప్‌యార్డు వచ్చాక చుట్టుపక్కల ఊళ్ళ జనం ఇక్కడికి కదిలారు. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కావాలని జనం రోడ్డెక్కితే 32 మంది ప్రాణాలు పోయాయి. ఒక ఫ్యాక్టరీ కోసం మనుషులు చచ్చిపోవడమేంటి అని మీకనిపించవచ్చు. వాళ్ళు అడిగింది మీలాంటి పిల్లలకు నెలజీతం, క్వార్టరు, ఆస్పత్రి. 1971లో శంకుస్థాపన జరిగింది. ఈరోజు ఊళ్ళో ఏ పెద్ద ఫ్యాక్టరీ గేటు దగ్గరైనా షిఫ్టు మారే వేళకి చూడండి, పర్మనెంటువాళ్ళూ కాంట్రాక్టువాళ్ళూ ఒకే గేటులోంచి వస్తారు. బట్టల మీద మసి ఒకటే, జీతం కవరు వేరు. ఆ తేడా కూడా 3.2లో కనపడదు.

2025 అక్టోబరులో గూగుల్ మన ఊళ్ళో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో డేటా సెంటర్ పెడతానని ప్రకటించింది. రావాలి, నాకూ సంతోషమే. కానీ పెట్టుబడి అంకె విని ఉద్యోగాల అంకె అనుకోవద్దు. ఉక్కు కరిగించడానికి వేలమంది కావాలి. డేటా సెంటర్ కట్టేటప్పుడు చాలామంది కావాలి గానీ, కట్టాక నడపడానికి కొద్దిమంది చాలు. అందుకని ఏ ప్రకటన విన్నా, కట్టాక ఎంతమందికి, ఎలాంటి పని, పర్మనెంటా కాంట్రాక్టా అని అడగండి. ఇంటర్ చదివే పిల్లలు అడగాల్సిన ప్రశ్నలే ఇవి.

ఇదంతా చదివి ఊరుకోకండి. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి మేడ మీదికి తలొక నోటుబుక్కు పట్టుకుని రండి. అంతకుముందు ఎవరింట్లో వాళ్ళు, పదిహేనేళ్ళు దాటిన అందరినీ ఆ ఏడు రోజుల ప్రశ్న అడిగి రాసుకురండి. కోడ్లు నేను వేయడం నేర్పుతాను. ముందు మీ అమ్మ దగ్గర మొదలుపెట్టండి. నేనేం చేస్తాను, ఇంట్లోనే ఉంటాను అంటుంది. అక్కడ ఆపేయకండి. రెండో అంతస్తు పాపా, మీ అమ్మ అపార్ట్‌మెంటు మొత్తానికీ చీరలకు ఫాల్స్ కుడుతుంది. మళ్ళీ అడుగు.

వడియాలు వేయించి ఉంచుతాను.

మీ
మామ్మ