బూట్లు విప్పిన మర్నాడే మేనేజర్ కుర్చీయా? మైదానంలో వినే అపోహలు, వాస్తవాలు

తిరుపతిలో ఉదయం ఐదున్నరకు నా దగ్గరికి ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి వచ్చే కుర్రాళ్లలో సగం మంది కళ్లు ఎర్రగా ఉంటాయి. యూరప్‌లో పెద్ద మ్యాచ్‌లు మన గడియారం ప్రకారం అర్ధరాత్రి దాటాకే కదా మొదలయ్యేది. శేషాచలం మీద ఇంకా వెలుగు పడకముందే, మైదానం చుట్టూ మొదటి రౌండు పూర్తికాకముందే వాదన అందుకుంటారు. ఈ వారం వాదన ఇది: ఏళ్ల తరబడి ఒకే క్లబ్బుకు ఆడిన మహా ఆటగాడు రిటైర్ అవుతుంటే, జట్టును మేనేజర్‌గా, అంటే ప్రధాన శిక్షకుడిగా, అతని చేతిలోనే పెట్టాలా? పెట్టాల్సిందే అన్నది అక్కడ మెజారిటీ తీర్పు. ఈ పనిలో తల నెరిసినవాణ్ణి కాబట్టి నా అసమ్మతి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: అతనికి తెలిసినంత ఆట ఇంకెవరికి తెలుసు?

వాస్తవం: తెలుసు, నిజమే. కానీ ఎక్కడ తెలుసు? కాళ్లలో. నేను ఆడిన కాలేజీ జట్టుకే నన్ను మొదటిసారి కోచ్‌గా పెట్టారు. ఎడమ అంచు నుంచి లోపలికి తిరిగి కుడికాలితో గోల్‌కు కొట్టడం నా విద్య. ఒక కుర్రాడికి దాన్ని పదిసార్లు చేసి చూపించాను. అతను వినయంగా, ‘సార్, తిరిగే ముందు ఏ కాలు పడాలి?’ అని అడిగాడు. నాకు జవాబు రాలేదు. ఇంటికి వెళ్లి వరండాలో బంతి పెట్టుకుని నెమ్మదిగా నడిచి చూసుకుంటే, చివరి అడుగు పొట్టిగా వేస్తున్నానని, అప్పటికే భుజం తిరిగిపోతోందని బయటపడింది. అన్నేళ్లుగా నా కాలికి తెలిసిన సంగతి నాకు తెలియదు! మా ఊరి సంగీత కళాశాల ముందు నుంచి వెళ్లినప్పుడల్లా ఇదే గుర్తొస్తుంది. కచేరీలో చప్పట్లు కొట్టించుకునే విద్వాంసులందరూ పసిపిల్లలకు సరళీ స్వరాలు చెప్పగలరా?

పైగా మేనేజర్ పనిలో సగానికి బంతితో సంబంధమే ఉండదు. పాతికమందిలో పదకొండు మందిని తీసుకుని, మిగిలినవాళ్లకు కారణం చెప్పాలి. గాయం నుంచి కోలుకున్నవాణ్ణి ఈ వారం దించాలా, వచ్చే వారమా తేల్చాలి. ఎవరిని కొనాలో యజమానులతో బేరమాడాలి. ఆడినన్నాళ్లూ మహా ఆటగాడు ప్రధానంగా చూసుకున్నది తన ఒక్క ఒంటిని.

మన తెలుగువాళ్లకు దీనికి సాక్ష్యం దూరంలో లేదు. హైదరాబాద్‌లో బడిపంతులుగా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో భారత్ 1951లోనూ, 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. ఆయన పేరు ఈనాటికీ మిగిలింది గురువుగానే. ఇటలీలో అరిగో సాకీ అసలు వృత్తి ఆటగాడే కాదు. 1989, 1990లో వరుసగా ఏసీ మిలాన్ క్లబ్బుకు యూరోపియన్ కప్ (యూరప్ క్లబ్బుల అతి పెద్ద పోటీ, ఇప్పటి చాంపియన్స్ లీగ్) తెచ్చాడు.

అపోహ: అయితే మహా ఆటగాళ్లు మేనేజర్లుగా పనికిరారన్నమాట.

వాస్తవం: ఇది అవతలి కొసకు పోయిన అపోహ. మొదటిదాన్ని వదిలించుకున్న పిల్లలు వెంటనే దీన్ని పట్టుకుంటారు. ఇంగ్లండ్ క్లబ్బు లివర్‌పూల్ మహా ఆటగాడు కెన్నీ డాల్గ్లిష్‌ను చూడండి. 1985లో, ఇంకా ఆడుతుండగానే, లివర్‌పూల్ అతనికి జట్టు అప్పగించింది. మొదటి ఏడాదే లీగ్, ఎఫ్‌ఏ కప్ (ఇంగ్లండ్ నాకౌట్ కప్) రెండూ వచ్చాయి. లీగ్‌ను ఖాయం చేసిన గోల్ కూడా చెల్సీ మైదానంలో అతనిదే. ఇక్కడిదాకా మా పిల్లలకు కంఠస్థం. వాళ్లు చెప్పనిది ఒకటుంది. రోనీ మోరన్, రాయ్ ఎవాన్స్ లాంటి పాత శిక్షకులు ఆ క్లబ్బులోనే ఉన్నారు. అంతకుముందు మేనేజర్‌గా మూడు యూరోపియన్ కప్‌లు గెలిచిన బాబ్ పైస్లీ సలహాదారుగా పక్కనే ఉన్నాడు. కొత్త కోడలికి వంటిల్లు ఇచ్చినా, ఉప్పు డబ్బా ఎక్కడుందో చెప్పే అత్తగారు ఇంట్లోనే ఉందన్నమాట.

ఫ్రాన్స్ మహా ఆటగాడు జిదాన్ 2006లో ఆట మానేశాడు. తాను ఆడిన స్పెయిన్ క్లబ్బు రియల్ మాడ్రిడ్ మేనేజర్ కుర్చీలో కూర్చున్నది 2016 జనవరిలో. మధ్యలో అక్కడి అప్పటి మేనేజర్ అన్చెలొట్టీకి సహాయకుడిగా ఒక సీజన్, ఆ తర్వాత క్లబ్బు రెండో జట్టు కోచ్‌గా ఏడాదిన్నర. వెంటనే వరుసగా మూడు చాంపియన్స్ లీగ్‌లు గెలిచాడు కాబట్టి, అతని వెనక ఉన్న పదేళ్లు ఎవరికీ కనబడవు. బార్సిలోనా మాజీ ఆటగాడు గ్వార్డియోలా కూడా ఆ క్లబ్బు రెండో జట్టుతో కింది స్థాయి లీగ్‌లో ఒక ఏడాది గడిపాకే 2008లో పైకి వచ్చాడు.

ఇప్పుడు ఇటలీ మహా ఆటగాడు పిర్లో. అతను ఆడిన ఇటలీ క్లబ్బు జువెంటస్ 2020 జులై చివర్లో అతన్ని అండర్-23 జట్టుకు కోచ్‌గా ప్రకటించింది. తొమ్మిది రోజులకే పెద్ద జట్టు ఇచ్చేసింది. అంతకుముందు వరుసగా తొమ్మిది లీగ్ టైటిళ్లు గెలిచిన క్లబ్బు ఆ ఏడాది నాలుగో స్థానంతో సరిపెట్టుకుంది. ఇటాలియన్ కప్ గెలిచినా పిర్లో ఉద్యోగం నిలవలేదు. నేనైతే ఇందులో అతని తప్పుకంటే ఇచ్చినవాళ్ల తప్పే ఎక్కువ చూస్తాను.

అపోహ: డ్రెస్సింగ్ రూమ్‌లో అతని మాటకు ఎదురుండదు.

వాస్తవం: మొదటి వారం ఉండదు. నిన్నటిదాకా భుజం మీద చేయి వేసి ‘అన్నా’ అన్నవాణ్ణి ఇవాళ బెంచ్ మీద కూర్చోబెట్టి చూడండి. నాతో పాటు ఆడి, రాత్రి ఒకే బండి దగ్గర దోసెలు తిన్న మిత్రుణ్ణి ఒక్క మ్యాచ్‌కు పక్కన పెట్టినందుకు, అతను రెండు నెలలు నాతో మాట్లాడలేదు. మాది కాలేజీ జట్టు, డబ్బు లేదు, పేరు లేదు. కోట్ల ఒప్పందాలున్న చోట ఎలా ఉంటుందో ఊహించుకోండి. ఏళ్ల తరబడి మాంచెస్టర్ యునైటెడ్‌కే ఆడిన ర్యాన్ గిగ్స్ 2014లో నాలుగు మ్యాచ్‌లకు ఆ క్లబ్బు తాత్కాలిక మేనేజర్‌గా ఉన్నప్పుడు, హల్ సిటీతో ఆటలో తన్ను తానే సబ్‌స్టిట్యూట్‌గా దించుకున్నాడు. ఆ రోజు బెంచ్ మీద మిగిలిపోయినవాడి ముఖం చూడాలనిపిస్తుంది నాకు.

అపోహ: కోచింగ్ లైసెన్సు కేవలం కాగితం.

వాస్తవం: ఏ వయసు పిల్లవాడికి ఎంత బరువు పెట్టాలో, గంటన్నర శిక్షణను ఎలా విడగొట్టాలో నాకు నేర్పింది ఆ కాగితమే. దీనికి మా కుర్రాళ్లలో ఒకడు వెంటనే జర్మనీ మహా ఆటగాడు బెకెన్‌బవర్ పేరెత్తాడు. లైసెన్సు లేకుండానే పశ్చిమ జర్మనీని నడిపి 1990లో ప్రపంచ కప్ గెలిపించాడు కదా అన్నాడు. నిజమే. లైసెన్సున్న సహాయకుణ్ణి పక్కన పెట్టుకునే గెలిపించాడు.

అపోహ: మనవాడు కాబట్టి ఓడినా అభిమానులు ఓర్చుకుంటారు.

వాస్తవం: నాకు అన్నిటికంటే కోపం తెప్పించేది ఇదే. చాలాసార్లు యజమానులకు కావలసింది మేనేజర్ కాదు, డాలు. గ్యాలరీలో కేకలు మొదలవగానే జనం దేవుడిలా కొలిచేవాణ్ణి తెచ్చి ముందు నిలబెడతారు. ఇంగ్లండ్ క్లబ్బు న్యూకాజిల్ 2009లో తన పాత గోల్స్ వీరుడు అలన్ షియరర్‌ను మేనేజర్‌గా పిలిచింది సీజన్‌లో చివరి ఎనిమిది మ్యాచ్‌లకు. ఒకటే గెలిచారు, క్లబ్బు కింది డివిజన్‌కు జారిపోయింది. నగరమంతా తలమీద పెట్టుకున్న మనిషికి ఆ ఎనిమిది ఆటలు మిగిల్చిందేమిటి? చెల్సీకి అత్యధిక గోల్స్ చేసిన లాంపార్డ్‌ను, మేనేజర్‌గా రెండో సీజన్ సగంలోనే, 2021 జనవరిలో పంపించేశారు.

నిన్న ఉదయం వాదన ఎంతకూ తెగలేదు. అందరికంటే గట్టిగా అరుస్తున్న మా కెప్టెన్ చేతికి ఈల ఇచ్చి, పదేళ్లలోపు పిల్లలను అప్పగించాను. మా జట్టులో వాణ్ణి మించిన ఆటగాడు లేడు. పావుగంటకు చెమటలు కక్కుతూ తిరిగి వచ్చాడు.

‘సార్, ఒక్కడూ మాట వినడం లేదు. నేనే ఆడి చూపించేదా?’

కోన్లు తీసుకుని మళ్లీ వెళ్లమన్నాను.