పంది ఊపిరితిత్తిని పాడుచేసేది క్రిమి ఒక్కటే కాదు

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు పడతాయి. ఆ రోజుల్లో జల్లు లోపలికి కొట్టకుండా పందుల కొట్టం చుట్టూ పట్టాలు దించి కడతారు. తడి రాదు గాని, పేడ నుంచీ మూత్రం నుంచీ లేచే అమోనియా బయటికి పోయే దారీ ఉండదు. శ్వాసనాళాల గోడల మీద ఎడతెగక కదులుతూ, దుమ్మునూ క్రిములనూ తెమడతో పాటు పైకి నెట్టే సూక్ష్మమైన నూగును ఈ వాయువు దెబ్బతీస్తుంది. మైకోప్లాస్మా హయోన్యుమోనియే అనే బాక్టీరియా కూడా ఆ నూగునే పట్టుకొని రాలగొడుతుంది. ఈ కాపలా పోయిన ఊపిరితిత్తిలోకి పాశ్చురెల్లా వంటి ఇతర బాక్టీరియా తేలికగా చొరబడతాయి.

ఇలా ఊపిరితిత్తికి సోకే క్రిములన్నిటిలోకీ ఉగ్రమైనది ఆక్టినోబాసిల్లస్ ప్లూరోన్యుమోనియే అనే బాక్టీరియా. ఇది సోకితే, నిన్న మేత తిన్న పంది ఈరోజు ముక్కు నుంచి నెత్తురు నురగతో చచ్చిపడి ఉండవచ్చు. బతికున్నవి జ్వరం 41 డిగ్రీల సెల్సియస్ దాకా పోయి, నోరు తెరిచి, డొక్కలు ఎగరేస్తూ, పడుకోలేక పిర్రల మీద కూర్చుంటాయి.

ఇంత వేగంగా ఊపిరితిత్తి ఎలా పాడవుతుంది? ఈ బాక్టీరియా పైగోడలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థం తగలగానే, వాయుకోశాల్లో క్రిములను మింగే మాక్రోఫేజ్ అనే కాపలా కణాలు ఇంటర్‌ల్యూకిన్-8 వంటి రసాయన సంకేతాలను వదులుతాయి. వాటిని అందుకొని న్యూట్రోఫిల్ అనే తెల్ల రక్తకణాలు రక్తంలో నుంచి గుంపులుగా దిగుతాయి. రక్తనాళాల గోడలు వదులై, ద్రవమూ, రక్తాన్ని గడ్డకట్టించే ఫైబ్రిన్ అనే పీచులాంటి ప్రోటీనూ గాలి ఉండవలసిన చోట నిండుతాయి. ఇంతవరకూ ఇది శరీరం చేసుకొనే రక్షణే. అసలు చిక్కు బాక్టీరియా విడిచే ఏపీఎక్స్ విషాల దగ్గర మొదలవుతుంది. ఇవి కొద్ది మోతాదులో ఉన్నప్పుడు న్యూట్రోఫిల్‌లను రెచ్చగొట్టి, కణజాలాన్ని కాల్చే ఆక్సిజన్ రసాయనాలను విడిపిస్తాయి. మోతాదు పెరిగితే కణాల పొరకు రంధ్రాలు పొడిచి వాటినే చంపుతాయి. చచ్చిన కణాల్లో క్రిములను అరిగించడానికి దాచుకొన్న ఎంజైములు ఒలికిపోయి, పంది సొంత కణజాలాన్నే అరిగిస్తాయి. సన్నని రక్తనాళాల్లో గడ్డలు కట్టడంతో రక్తం అందని భాగం చచ్చిపోతుంది. నా ఉద్దేశంలో, ఇక్కడ క్రిమి చేసే నష్టం కంటే అది చేయించే నష్టమే భయంకరమైనది.

పోస్టుమార్టంలో ఇదంతా కంటికే కనిపిస్తుంది. ఊపిరితిత్తి వెనుక భాగం, ముఖ్యంగా వీపు వైపు, ముదురు ఎరుపు రంగులో కార్జంలా గట్టిపడి ఉంటుంది. అక్కడి ముక్క నీళ్లలో వేస్తే మునుగుతుంది. పైన ఫైబ్రిన్ పసుపుపచ్చని పొరగా పేరుకొని, ఊపిరితిత్తిని పక్కటెముకలకు అతికించేస్తుంది. పాశ్చురెల్లా న్యుమోనియా అయితే ముందు, కింది భాగాల్లో ఎక్కువగా కనిపిస్తుంది. అయినా కంటిచూపుతోనే తేల్చేయకూడదు: ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే వైరస్ జబ్బులోనూ పందులు హఠాత్తుగా చనిపోతాయి కాబట్టి, నమూనాలు ల్యాబుకు వెళ్లవలసిందే.

చికిత్స తొలి గంటల్లోనే మొదలవ్వాలి. జబ్బుపడ్డ పంది మేతా నీళ్లూ ముట్టదు గనుక, పశువైద్యులు యాంటీబయాటిక్‌ను ఇంజెక్షన్‌గానే ఇస్తారు. వాపు తగ్గించే మందు కూడా కలపవచ్చు. మందు బాక్టీరియాను చంపగలదు గాని, చచ్చిన కణజాలాన్ని తిరిగి బతికించలేదు. ఆ భాగం చుట్టూ గట్టి పొర కట్టి, రక్తం చేరని ఆ గూటిలో మందుకు అందకుండా కొన్ని బాక్టీరియా మిగిలిపోతాయి. టాన్సిళ్లలోనూ అవి నెలల తరబడి దాగి ఉండగలవు. పైకి ఆరోగ్యంగా కనిపించే అలాంటి పందిని కొని తెచ్చి మందలో కలిపితే, ముక్కూ ముక్కూ రాసుకొన్నప్పుడు జబ్బు మిగతావాటికి అంటుతుంది.