న్యూట్రాన్ పెట్టె బాంబును వెతకదు: అపోహలు - వాస్తవాలు

దొరికిన పాత షెల్లులో (ఫిరంగి గుండులో) ఏముందో న్యూట్రాన్లతో తేల్చే పెట్టె మాది. హనుమకొండ అవతల ఒక చెలకలో దాని పరీక్షలు. ఖాళీ ఉక్కు షెల్లులో మెలమైన్ పొడి నింపుతాం. మందుగుండులో లాగే అందులోనూ నైట్రోజన్ ఉంటుంది, బరువులో మూడింట రెండు వంతులు అదే, కానీ పేలదు. మేం యంత్రం దింపగానే తాడు కట్టిన అవతల గట్టు మీద ఊరంతా చేరుతుంది. వాళ్ల అనుమానాలే ఇవి.

అపోహ: చేలో తిప్పితే బాంబు ఎక్కడుందో చెప్తుంది.

వెతికే పని మెటల్ డిటెక్టర్‌ది, మాగ్నెటోమీటర్‌ది. ఇనుము దొరికాక, లోపల మందుగుండు ఉందా, ఇసుక ఉందా అన్నది వాటికి తెలియదు. అక్కడ న్యూట్రాన్ కావాలి. దానికి విద్యుదావేశం లేదు కాబట్టి ఉక్కు గోడ దాటిపోతుంది. అది తాకిన ఒక్కో మూలకం తనదైన శక్తితో గామా కిరణం వదులుతుంది. హైడ్రోజన్‌ది 2.22, నైట్రోజన్‌ది 10.83 మెగా ఎలక్ట్రాన్ వోల్టులు. తెర మీద ఆ శక్తుల దగ్గర గీతలు తేలేదాకా ఒక్కో షెల్లు దగ్గర చాలాసేపు ఆగాలి. అమెరికాలో ఇడాహో నేషనల్ లేబొరేటరీ తయారుచేసిన ‘పిన్స్’ కూడా దొరికిన షెల్లులో విషరసాయనమా, మామూలు మందుగుండా అని తేల్చేదే. న్యూట్రాన్‌ను మింగి గామా వదలడంలో క్లోరిన్ నైట్రోజన్ కంటే వందల రెట్లు ముందుంటుంది, అందుకే క్లోరిన్ ఉన్న మస్టర్డ్ గ్యాస్ అనే విషరసాయనం తొందరగా దొరికిపోతుంది.

అపోహ: నైట్రోజన్ కనిపిస్తే బాంబే.

ఈ మాట నమ్మి మేమే దెబ్బతిన్నాం. వాన వచ్చేలా ఉందని ఒక రైతు కొట్టం గోడ పక్కకు జరిగాం. ఖాళీ షెల్లు పెట్టినా నైట్రోజన్ గీత లేస్తోంది! కేబుళ్లు మార్చాం, డిటెక్టర్‌ను తిట్టుకున్నాం, సగం రోజు పోయింది. చివరికి చూస్తే రేకు గోడకు ఆనించి యూరియా బస్తాలు. 45 కిలోల బస్తాలో నైట్రోజనే 20 కిలోల పైన. బాంబుల్లో నింపే టీఎన్‌టీ మందుగుండులో అది 18.5 శాతమే. అందుకే ఒక్క నైట్రోజన్‌ను కాదు, పాళ్లను చూడాలి. టీఎన్‌టీలో 3 నైట్రోజన్లకు 7 కార్బన్లు, 6 ఆక్సిజన్లు. యూరియాలో 2 నైట్రోజన్లకు ఒక్కటే కార్బన్. కార్బన్, ఆక్సిజన్ లెక్క బాగా రావాలంటే వేగమైన న్యూట్రాన్లు కావాలి, 14 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల న్యూట్రాన్లు పుట్టించే జనరేటర్ వాడేది అందుకే.

అపోహ: “గీ కిరణాలు తగిలితే పేలుతది గదా సారూ?”

పేలదు. ఆ కాస్త శక్తికి షెల్లు వెచ్చబడను కూడా వెచ్చబడదు. భయమంతా షెల్లును పేల్చే పాత ఫ్యూజ్‌ను కదిలిస్తేనే. అందుకే యంత్రమే షెల్లు దగ్గరికి పోతుంది.

అపోహ: సీసం కప్పుకుంటే చాలు.

సీసం గామాను ఆపుతుంది, న్యూట్రాన్‌ను కాదు. గోళీని బండకు కొడితే ఎగిరి వస్తుంది, అంతే బరువున్న గోళీకి కొడితే ఆగిపోతుంది. న్యూట్రాన్ బరువుకు సరిజోడు హైడ్రోజన్. కాబట్టి మైనం, పాలిథీన్, నీళ్లు కావాలి. జనరేటర్ ఆపితే న్యూట్రాన్లు ఆగుతాయి. తనంతట తానే న్యూట్రాన్లు వదిలే కాలిఫోర్నియం-252కు స్విచ్ ఉండదు, ఎప్పుడూ కవచంలోనే ఉండాలి.

మమ్మల్ని కాపాడే ఆ హైడ్రోజనే తడి నేలలో మా పని చెడగొడుతుంది. వాన పడ్డ మర్నాడు నల్లరేగడిలో సగం పూడ్చిన షెల్లు దగ్గర గంటసేపు కూర్చున్నాం. హైడ్రోజన్ 2.22 గీత పెరిగిందే తప్ప నైట్రోజన్ తేలలేదు. నేల ఆరాక అదే షెల్లు ఇరవై నిమిషాలకే పలికింది.